సర్కారు నీళ్లకు కొసరు

చొప్పదండి చుట్టుపక్కల పది ఊళ్లలో వడ్లు కొలవాలంటే అంతయ్యే రావాలి. కళ్లంలో రాశి ముందు గొంతుక్కూర్చొని, కుంచం నింపి, అరచేత్తో అంచు మీద ఒక్కసారి రాసి, గోనెలోకి బోర్లించేవాడు. మొదటి కుంచానికి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. రాశి ఎంత పెద్దదైనా సరే, లెక్క ముగిశాక దోసెడు వడ్లు తీసి గోనెలో వేసి "కొసరు" అని, అప్పుడు నడుము పట్టుకొని లేచేవాడు. కొసరు వేయకుండా లేవడమంటే అంతయ్య దృష్టిలో అన్నం పెట్టి మంచినీళ్లు ఇవ్వకపోవడమే.

నలభై ఏళ్లలో కొన్నవాడు తక్కువైందనలేదు, అమ్మినవాడు ఎక్కువ పోయిందనలేదు. ఈ మాట అంతయ్య తన గురించి తానే రోజుకు మూడుసార్లు చెప్పుకునేవాడు. అయినా అబద్ధం కాదు కాబట్టి విన్నవాళ్లు తల ఊపక తప్పేది కాదు. పిల్లలెంతమందని ఎవరైనా అడిగితే "లాభం, రెండు, మూడు" అని వేళ్లు ముడిచేవాడు. దాంతో పెద్దకూతురు కొమురవ్వకు పెళ్లయి అత్తగారింటికి పోయేదాకా ఊళ్లో లాభమవ్వ అన్న పేరు వదల్లేదు.

ఇంతటి మనిషి నోట్లో మట్టి కొట్టింది కాంటా. మార్కెట్టులో పెద్ద పెద్ద కాంటాలు దిగాయి. గోనె ఎక్కించు, రాళ్లు పెట్టు, దించు, పద. లాభమూ లేదు, కొసరూ లేదు. అంతయ్య కొన్నాళ్లు రోజూ పోయి ఆ కాంటా ముందు నిలబడి దాన్ని తిట్టి వచ్చేవాడు.

"గిది కొలుసుడా? నోరు లేదు, చెయ్యి లేదు. బర్రెను ఎక్కిచ్చినా గట్లనే ఊగుతది" అనేవాడు. కాంటా ఏమీ అనేది కాదు. పని మాత్రం దానికే దొరికేది.

పని లేని అంతయ్య ఇంట్లో కొలవడం మొదలుపెట్టాడు. భార్య బుచ్చవ్వ ఎసట్లో బియ్యం పోస్తుంటే వెనక నిలబడి "సోలెడు తక్కువైనయి" అనేవాడు. ఉప్పు వేస్తే ఉప్పు, కారం వేస్తే కారం. పది రోజులు ఓర్చుకుంది బుచ్చవ్వ. పదకొండో రోజు గరిటె నేలకేసి కొట్టింది.

"గీ పొయ్యికాడ నువ్వన్న ఉండు, నేనన్న ఉంట. కొత్త కట్ట మీద కావలిమనిషి కావాల్నట. పోయి గక్కడ ఏం కొలుసుకుంటవో కొలుసుకో పో."

అలా అరవయ్యో ఏట అంతయ్య సర్కారు కొలువులో చేరాడు.

ఆ కట్ట పందొమ్మిది వందల యాభై ఏడులో లేచింది. ఊరికి మైలు దూరంలో, వాగుకు అడ్డంగా పోసిన మట్టికట్ట. మట్టికట్ట అన్నాక అడుగున కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊటంతా ఒక సిమెంటు తొట్టిలోకి చేరి, తొట్టి ముందున్న ఇత్తడి రేకు గాటులోంచి బయటికి పోయేలా కట్టారు. ఊట పెరిగితే తొట్టిలో నీళ్లు కాస్త పైకి నిలుస్తాయి, తగ్గితే దిగుతాయి. తొట్టిలో గీతలు పెట్టిన ఇనుపబద్ద ఒకటి పాతారు. నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో రోజూ చూసి పుస్తకంలో అంకె వేయాలి. పని అంతే.

అంత చిన్న పని గురించి ఇంజనీరు లక్ష్మీరాజానికి కంటి మీద కునుకు లేదు. జగిత్యాల దిక్కు మనిషి, ముప్పై దాటలేదు, అద్దాలు ముక్కు మీద నిలవవు. కావలివాళ్లను, గుమాస్తాను నిలబెట్టి విడమరిచి చెప్పాడు.

"ఊట ఉంటె ఫికర్ లేదు. నిండు చెరువుకు పోయినేడు ఎంత ఉందో ఈ ఏడు అంతే ఉండాలె. ఏడాదికింత పెరిగిందనుకో, లోపల మట్టి కొట్టుకపోతున్నట్టు. కట్ట తెగిందంటె కింద నాలుగు ఊళ్లు పోతయ్. కని అది వెంట్రుకవాసి పెరుగుతది. ఏండ్లకేండ్లు ఒక్కతీరుగ చూసినోనికే కనబడతది."

అయితే ఎవరు చూడాలి? దేనితో చూడాలి? ఒకసారి పెట్టుకున్నాక ఏళ్ల తరబడి మార్చకూడదు. కార్తీకంలో చెరువు నిండుగా, నీళ్లు కదలకుండా ఉన్న నెలలో పరీక్ష పెట్టాడు ఇంజనీరు.

మొదటిది పట్నం నుంచి వచ్చిన గడియారం పెట్టె. తొట్టిలో తేలే బుడ్డి, దానికో దారం, దారం కొసకు కలం, తిరిగే కాగితం మీద అదే గీసుకుంటూ పోతుంది. మనిషితో పని లేదు. మొదటి వారం అందరూ దానికి దండం పెట్టినంత పని చేశారు. రెండో వారానికి దారం తడికి సాగింది, మధ్యాహ్నం ఎండకు బిగిసింది. నీళ్లు ఉన్నచోటే ఉన్నా గీత మాత్రం మెల్లమెల్లగా గుట్ట ఎక్కుతూ పోయింది. మూడో వారం కందిరీగ ఒకటి పెట్టెలో గూడు పెట్టింది. నాలుగో వారం దాన్ని తిరిగి పట్నం బస్సెక్కించారు.

రెండోవాడు గుమాస్తా పర్శరాములు. మెట్రిక్ పాసు, చేతికి గడియారం, తెల్ల పంట్లాం. అతనికి ఇత్తడి మర ఇచ్చారు. మర తిప్పితే సూదిమొన నీళ్లను తాకుతుంది, పక్కనున్న పళ్లెం ఒక గీతను నూరు పాళ్లు చేసి చూపిస్తుంది. పర్శరాములు పుస్తకం చూస్తే ముచ్చటేసేది. ఒకరోజు పద్నాలుగు గీతల ముప్పై ఏడు పాళ్లు, ఒకరోజు పదమూడు తొంభై రెండు, ఇంకోరోజు పద్నాలుగు అరవై ఎనిమిది. ఒకరోజు చాయ్ తాగకముందు పోయేవాడు, ఒకరోజు తాగాక. ఒకరోజు బర్రెలు కాలువలో దిగి పొర్లాక పోయేవాడు. పంట్లాం మాసిపోతుందని వంగేవాడు కాదు, నిలబడే ఒక కన్ను మూసి చూసేవాడు. అంకెలు మాత్రం నూరో పాలు దాకా వేసేవాడు.

మూడోవాడు అంతయ్య. అతన్ని ఎవరూ పిలవలేదు. "నేను గుడ కొలుస్త సార్" అని తానే వచ్చాడు. అక్షరాలు రావు గాని అంకెలు వస్తాయి. కోడి కూయగానే బుచ్చవ్వ ఇల్లూడవాలని అతన్ని బయటికి తోలేది కాబట్టి, ప్రతిరోజూ అదే వేళకు తొట్టి దగ్గర ఉండేవాడు. అదే రాయి మీద గొంతుక్కూర్చొని చుట్ట ముట్టించేవాడు. గాలికి తొట్టిలో నీళ్లు లేస్తూ పడుతూ ఉంటాయి. చుట్ట కాలేంత సేపూ వాటినే చూసేవాడు. దుమ్ము అణిగేదాకా రాశి ముట్టకూడదన్నది అతని పాత పద్ధతి. చుట్ట అయిపోయేసరికి నీళ్లు ఎంత లేచాయో, ఎంత పడ్డాయో, నిజానికి ఎక్కడ నిలిచాయో తెలిసిపోయేది. అప్పుడు కిందినుంచి "లాభం, రెండు, మూడు" అని నిండు గీతలే లెక్కపెట్టేవాడు. సగం గీతను ముట్టేవాడు కాదు, నిండని కుంచం లెక్కలోకి రాదు గదా. చివర నోట్లో ఏదో గొణిగి అంకె వేసేవాడు.

నెల తిరిగేసరికి అంతయ్య పుస్తకంలో ముప్పై పదిహేనులు ఉన్నాయి. పర్శరాములు దాన్ని రెండు వేళ్లతో పట్టుకొచ్చి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు.

"సార్, గీ ముసలాయన ఇంట్ల మంచంల పండుకొని రాసిండు. నీళ్లన్నంక నెలరోజులు ఒక్కతీరుగ ఉంటయా?"

లక్ష్మీరాజానికీ అనుమానం వచ్చింది. మర్నాడు తెల్లారకముందే పోయి తుమ్మచెట్ల చాటున నక్కాడు. దోమలు కుట్టాయి, ముల్లు గుచ్చుకుంది, అద్దాలు రెండుసార్లు జారిపడ్డాయి. అంతయ్య వచ్చాడు, కూర్చున్నాడు, చుట్ట కాల్చాడు, లెక్కపెట్టాడు, పదిహేను వేశాడు. ఇంజనీరు బయటికొచ్చి తానూ వంగి లెక్కపెట్టాడు. పద్నాలుగు. మళ్లీ లెక్కపెట్టాడు. పద్నాలుగే.

"అంతయ్యా, గీతలెన్ని?"

"పద్నాలుగు సార్."

"మరి పదిహేను రాసినవేంది?"

"ఒకటి కొసరు సార్."

లక్ష్మీరాజం జారిన అద్దాలు పైకి తోసుకున్నాడు. "నెలంత గిట్లనే రాసినవా?"

"ఎన్నడన్న మానుతనా సార్?" అంతయ్య నొచ్చుకున్నాడు. "కోమట్ల వడ్లకే కొసరేసిన. సర్కారు నీళ్లకు కొసరెయ్యకుంట లెవ్వమంటరా? రేపు సర్కారుకు తక్కువైందంటె ఎవల పరువు పోతది?"

ఇంజనీరుకు నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. చదువుకున్నవాడు కాబట్టి కోపాన్నే ముందుకు తెచ్చాడు. "గిది వడ్లు కాదు. ఉన్నది ఉన్నట్టు రాయకుంటె తప్పు లెక్క అంటరు. రేపట్నుంచి కొసరు బంద్!"

తప్పు లెక్క. నలభై ఏళ్లలో ఎవరూ అనని మాట. అంతయ్య ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పర్శరాములు ఊరంతా చెప్పాడు, ఊరంతా నవ్వింది. ఇరవై ఏళ్లు అతనిచేత వడ్లు కొలిపించుకున్నవాళ్లు సైతం నవ్వారు.

మర్నాటినుంచి అంతయ్య చెయ్యి తప్పింది. పద్నాలుగు లెక్కపెట్టాక నోట్లో కొసరు దానంతటదే వచ్చేది. వేశానా, వేయలేదా? వేసినట్టుందని ఒకటి తీసి పద్నాలుగు రాసేవాడు. తీశానో లేదోనని మళ్లీ ఒకటి తీసి పదమూడు రాసేవాడు. రెండుసార్లు తీశానేమోనన్న భయంతో మరునాడు పదిహేను రాసేవాడు. పది రోజుల్లో పుస్తకం పర్శరాములు పుస్తకంలాగే తయారైంది, నూరో పాళ్లే తక్కువ. అన్నం సహించడం లేదు. బుచ్చవ్వ ఎసట్లో బియ్యం ఎన్ని పోసినా వెనక్కు తిరిగి చూడటం లేదు.

"సోలెడు తక్కువ" అనని మనిషిని చూసి బుచ్చవ్వకు భయం వేసింది. పొయ్యి ఆర్పి, కొంగు బిగించి, నేరుగా ఇంజనీరు కచ్చేరికి పోయింది.

"సార్, మా ఆయన చెయ్యి ఇరిసిండ్రు మీరు."

"నేనేం జేసిన అవ్వా?"

"కొసరెయ్యొద్దన్నరట. కొసరు లేకుంట గాయన ఎన్నడన్న కొలిచిండా? ఒకటి ఎక్కువేస్తే మీకు తెలుసు గద, ఒకటి ఎక్కువ ఉన్నదని. తీసేసుకోరాదుండ్రి!"

ఆమె పోయాక లక్ష్మీరాజం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత పర్శరాములును పిలిచాడు.

"నా గడియారం పది నిమిషాలు ముందుంటది. ఎన్నడన్న బస్సు తప్పిచ్చుకున్ననా?"

"లేదు సార్. పది నిమిషాలు తీసేసుకుంటరు గద."

"గది ఒకరోజు పది నిమిషాలు, ఒకరోజు ఇరవై ముందుంటె?"

పర్శరాములు తన గడియారం వైపు చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇంజనీరు కొత్త పుస్తకం తెరిచి మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాశాడు: "ఈ పుస్తకమందలి ప్రతి అంకెలోనూ ఒక గీత కొసరు కలదు." అంతయ్యను కొలతమనిషిగా ఎంచుకున్నానని పైవాళ్లకు ఉత్తరం పంపాడు. మరకంటె, గడియారం పెట్టెకంటె ఎందుకు మేలో నాలుగు పేజీలు రాసి, కొసరు పద్ధతి గురించి కూడా వివరించాడు. మూడు నెలలకు జవాబు వచ్చింది. కొసరు అనే పరికరం ఏ కంపెనీది, దానికి టెండరు ఎందుకు పిలవలేదు అని అడిగారు. లక్ష్మీరాజం ఆ కాగితాన్ని భద్రంగా ఫైలులో పెట్టి, ఆ ఫైలును భద్రంగా మరిచిపోయాడు.

కొసరు తిరిగి రాగానే అంతయ్యకు చెయ్యీ తిరిగి వచ్చింది, ఆకలీ వచ్చింది. బుచ్చవ్వకు మళ్లీ వెనకనుంచి "సోలెడు తక్కువ" అన్న మాట వినబడింది. ఈసారి గరిటె విసరలేదు.

ఏళ్లు గడిచాయి. దేశంలో సేర్లు పోయి కిలోలు వచ్చాయి. కొత్త బద్ద పాతమని తాఖీదు వస్తే ఇంజనీరు పాత బద్దను కదలనివ్వలేదు. వేసవిలో చెరువు దిగితే ఊట దిగేది, అంతయ్య అంకె తొమ్మిదికి వచ్చేది. చెరువు నిండితే పదిహేను. ప్రతి ఏడూ నిండు చెరువుకు అదే పదిహేను. పర్శరాములు పంతం కొద్దీ తన మర తిప్పుతూనే ఉన్నాడు. అతని నిండు చెరువు ఒకసారి పదమూడున్నర, ఒకసారి పదిహేడుంబావు.

అరవై మూడులో చెరువు నిండిన రోజు అంతయ్య చుట్ట కాల్చి లెక్కపెట్టి ఆగిపోయాడు. ఎన్నడూ లేనిది రెండో చుట్ట ముట్టించాడు. మళ్లీ లెక్కపెట్టాడు. పుస్తకంలో పదహారు వేశాడు. పదిహేను రోజులకు పదిహేడు వేసి, పుస్తకం చంకన పెట్టుకొని కచ్చేరికి నడిచాడు.

"సార్, కట్టల ఏదో కదిలింది."

"పదహారు నా పుస్తకంల ఎన్నిసార్లు రాలే!" అన్నాడు పర్శరాములు. "కట్టకేమన్న అయిందా?"

నిజమే, అతని పుస్తకంలో పదహారూ కొత్త కాదు, పదిహేడూ కొత్త కాదు. అందుకే ఆ పుస్తకం ఏమీ చెప్పలేకపోయింది. అయిదేళ్లు కదలని అంకె కదిలింది. లక్ష్మీరాజం తవ్వి చూడాల్సిందే అన్నాడు. కట్ట తవ్వి చూడాలంటే చెరువు సగానికి దించాలి. కింద వరి పొట్ట మీద ఉంది.

రైతులంతా కట్ట మీదికి వచ్చారు. అందరికంటె ఎక్కువ మళ్లున్న భూమన్న ముందు నిలబడ్డాడు.

"రెండు గీతలకు చెరువు ఇడిసిపెడ్తరా? మా పొలాలు ఎండిపోతె గా గీతలు తిని బతకాల్నా?"

ఇంజనీరు ఊట గురించి చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. అంతయ్య ఎటో మాయమై, ఇంటికి పోయి, అటక మీది కుంచం దించుకొచ్చాడు. దాన్ని కట్ట మీద అందరి ముందూ పెట్టాడు.

"గీ గీతలు అబద్ధమైతె గీ కుంచాన్ని వాగుల ఏస్త. మల్ల గీ ఊరికి మొఖం సూపియ్య."

భూమన్న కుంచం వైపు చూశాడు. అతని కళ్లంలో ఆ కుంచం ముప్పై ఏళ్లు తిరిగింది.

"అంతన్నా, ఒక్కటడుగుత. కొసరు గిట్ల రెండేసిపెట్టినవా?"

"నీ కళ్లంల ఎన్నడన్న రెండేసిన్నా?"

భూమన్న "లే. ఎన్నడెయ్యలే" అని వెనక్కు తిరిగి అరిచాడు. "తూము లేపుండ్రి!"

నీళ్లు దిగాయి. మొదటి మూడు రోజులు తవ్వినా మట్టే వచ్చింది. పైన జనం గొణగసాగారు. పర్శరాములు గొణగడం లేదు, బాహాటంగానే అంటున్నాడు. అంతయ్య కుంచం పక్కన కూర్చున్నాడు, చుట్ట ముట్టించలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం గడ్డపార ఒక్కసారిగా లోపలికి దిగబడిపోయింది. కట్ట పోసినప్పుడు ఎవరో నిర్లక్ష్యంగా లోపలే వదిలేసిన తాటిమొద్దు కుళ్లి, అడ్డంగా గుహ చేసింది. మొండయ్య అనే కూలి చెయ్యి పెడితే భుజం దాకా పోయింది. లోపల చల్లగా నీళ్లు పారుతున్నాయి. లక్ష్మీరాజం అక్కడే మట్టిలో కూలబడి "ఇంకో రెండు నెలలు ఆగితె" అన్నాడు. ఏమయ్యేదో ఎవరూ అడగనక్కర్లేకపోయింది.

బంకమట్టి కూరి, దిమ్మిసతో కొట్టి పూడ్చారు. భూమన్నవి రెండు మళ్లు ఎండిపోయాయి. అయినా అతను కుంచాన్ని తానే నెత్తిన పెట్టుకొని అంతయ్య ఇంట్లో దించి వచ్చాడు. మరుసటి ఏడు చెరువు నిండినరోజు అంతయ్య పుస్తకంలో పదిహేను పడింది.

పందొమ్మిది వందల అరవై ఆరు వచ్చేసరికి అంతయ్య కళ్లకు పొర కమ్మింది. గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. తప్పు అంకె పడకముందే తానే పుస్తకం తెచ్చి ఇంజనీరు బల్ల మీద పెట్టాడు. అతని తర్వాత చూడటానికి పర్శరాములు తప్ప వేరే మనిషి లేడు. ఎట్టకేలకు సర్కారు పుస్తకంలో నూరో పాళ్లు వేసే రోజు వచ్చిందని పర్శరాములు కొత్త సిరాబుడ్డి కొన్నాడు. అంతలో ఇంజనీరు హుకుం చేతికొచ్చింది, కింద గుండ్రటి ముద్రతో సహా: "పద్ధతి మారినచో పాత అంకెలు పనికిరావు. కావున ఇకమీదట కూడా తెల్లవారుజామున అదే రాతి మీద గొంతుక్కూర్చొని, చుట్ట కాలునంత సేపు చూచి, నిండు గీతలు మాత్రమే లెక్కించి, ఒకటి కొసరు కలిపి వ్రాయవలెను."

పర్శరాములుకు చుట్ట అలవాటు లేదు. చుట్ట కాలడానికి పదిహేడు నిమిషాలు పడుతుందని ఇంజనీరు ముందే లెక్కకట్టి ఉంచాడు. మొదటి రోజు తెల్ల పంట్లాం మోకాళ్ల దాకా మడిచి, గడియారం చూసుకుంటూ ఆ రాయి మీద కూర్చున్నాడు. కట్ట మీద అంతయ్య చేతికర్ర పట్టుకొని కూర్చుని ఉన్నాడు. కళ్లు కనబడకపోయినా వినడానికి వచ్చాడు.

పదిహేడు నిమిషాలయ్యాయి. "లాభం" అన్నాడు పర్శరాములు, చుట్టూ ఎవరైనా వింటున్నారేమో చూసి. రెండు, మూడు అంటూ పద్నాలుగు దాకా వచ్చి కలం తీశాడు.

పైనుంచి గొంతు వినబడింది. "ఏసినవా?"

పర్శరాములు అంకె వేశాడు. "ఏసిన మామా. కొసరేసిన."

అంతయ్య తల ఊపి, నడుము పట్టుకొని లేచాడు.